మీకు తెలుసా? క్యాన్సర్ ఉన్నవారికీ మర్దన చేయవచ్చు

ఒళ్లు పడితే క్యాన్సర్ పాకుతుందని చాలా ఇళ్లలో భయపడతారు. మృదువైన మర్దనతో అలా జరుగుతుందనడానికి ఆధారాలు లేవు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి మూడేళ్లలో 1,290 మంది రోగుల అనుభవాన్ని నమోదు చేసి, 2004లో ఆ ఫలితాలను ప్రచురించింది. మర్దన తర్వాత నొప్పి, అలసట, ఆందోళన వంటి బాధల తీవ్రత సుమారు సగానికి తగ్గిందని రోగులే చెప్పారు. మర్దన చేయించుకోనివారితో పోల్చి చూసిన పరిశోధన కాదది. అయినా అంతమందికి దొరికిన ఆ ఊరటను చిన్నచూపు చూడలేం.

ఎక్కడ చెయ్యి వేయకూడదో తెలియడమే ఇందులో అసలు విద్య. కణితి మీద, రేడియేషన్‌తో కమిలిన చర్మం మీద, క్యాన్సర్ పాకిన ఎముకల మీద ఒత్తకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు గట్టిగా నొక్కితే లోపల రక్తస్రావం కావచ్చు. కాలిలో రక్తం గడ్డకట్టిందన్న అనుమానముంటే ఆ కాలు పట్టనే కూడదు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక కొందరికి చెయ్యి వాస్తుంది. దానికి వేరే పద్ధతి ఉంది: చర్మం కదిలేంత తేలికగా నిమురుతూ, నిలిచిన ద్రవాన్ని దారి మళ్లిస్తారు. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ దంపతులు 1930లలో రూపొందించిన విధానమిది. బిగుతు కట్లు, వ్యాయామం దీనికి తోడుండాలి. ఇంట్లోవాళ్లు కాళ్లు పట్టాలనుకున్నా, ముందు చికిత్స చేస్తున్న డాక్టరును అడగాలి.