గాలి ఎక్కడ పోతోంది?

నేను పబేడాన్ నుంచి మాట్లాడుతున్నాను. రంగూను నగరంలో 2003లో మోటారుసైకిళ్ళను నిషేధించారు కాబట్టి మా బోజో మార్కెట్ చుట్టుపక్కల కార్ల రద్దీయే గాని బళ్ళ చప్పుడు వినబడదు. కానీ మాండలేలోనూ, పల్లెల్లోనూ ఉన్న మనవాళ్ళకు బండి లేనిదే రోజు గడవదు. వాళ్ళు నన్ను తరచు అడిగేది ఒకటుంది: "మేకు కనబడదు, అయినా నాలుగు రోజులకోసారి గాలి దిగిపోతుంది. ఎందుకంటారు?"

ముందు కొలిచి చూడాలి. రబ్బరు గుండా కొంత గాలి పోవడం సహజమే. నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గితే కంగారు లేదు. బండి నడిస్తే టైరు వేడెక్కి లెక్క ఎక్కువ చూపిస్తుంది. అందుకని పొద్దున్నే, బండి తీయకముందే కొలవండి. వారంలో నాలుగైదు తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే.

కంప్యూటర్లలో లోపం వెతికేటప్పుడు మేము సులువుగా చూడగలిగినవి ముందు చూస్తాం. ఇక్కడా అంతే. వాల్వు మూత తీసి, దాని నోటి మీద సబ్బునీళ్ళ చుక్క వేయండి. బుడగ పొంగితే లోపలి పిన్ను బిగించాలి, లేదా మార్చాలి. చక్రం విప్పే పనే లేదు.

ట్యూబులెస్ టైరైతే నురగ అంతటా రాయండి. టైరు అంచు రిమ్ముకు ఆనేచోట, వాల్వు మొదట్లో ముఖ్యంగా చూడండి.

ట్యూబు ఉంటే, విప్పే ముందే వాల్వుకు ఎదురుగా టైరు మీద సుద్దతో గుర్తు పెట్టించండి. ట్యూబును నీళ్ళలో ముంచితే చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ చోటే కారణం చెబుతుంది. చిల్లు టైరు వైపు ఉంటే ముల్లు ఇంకా టైరులోనే ఉండవచ్చు. గుర్తును బట్టి అక్కడ గుడ్డతో తడమండి, వట్టి వేళ్ళతో వద్దు. రిమ్ము వైపు ఉంటే చువ్వ కొసో, రిమ్ము తుప్పో గుచ్చుతోంది. పక్కపక్కనే రెండు చీలికలుంటే, గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి ట్యూబు నలిగిందన్నమాట.

కారణం తీయకుండా ప్యాచీ వేస్తే, కొత్త చిల్లు ఎంతో దూరంలో ఉండదు.

రోజూ గాలి కొట్టించుకుంటే పోలేదా అంటారు కొందరు. గాలి తగ్గిన టైరు పక్కలు వంగి వంగి వేడెక్కుతాయి. మలుపులో బండి ఊగుతుంది. బరువుతో, వేగంగా పోతుంటే టైరు పగలవచ్చు కూడా. వెనక సీటు మీద పిల్లలు కూర్చునే బండి అయితే, ఈ సబ్బునీళ్ళ పరీక్ష రేపటికి వాయిదా వేయకండి.

సెలవు.