ప్రోటీను కాని ఆర్.ఎన్.ఏ. ఏం చేస్తుంది?

మన కంటిలోని కణంలోనూ, క్లోమంలోని కణంలోనూ ఉన్న డి.ఎన్.ఏ. ఒక్కటే. ఇన్సులిన్ జన్యువు రెండింటిలోనూ ఉంది. అయినా ఇన్సులిన్ తయారుచేసే పని క్లోమానిదే. కన్ను ఆ జోలికి పోదు. అంటే, జన్యువు ఉండటం ఒక ఎత్తు. అది ఎక్కడ, ఎప్పుడు, ఎంత మేరకు పనిచేయాలన్నది మరొక ఎత్తు. ఈ రెండో సంగతిని నిర్ణయించేవాటిలో ప్రోటీనుగా మారని ఆర్.ఎన్.ఏ. ఒకటి. దాన్ని చాలాకాలం ఎవరూ అంతగా లెక్కచేయలేదు.

మనమంతా చదువుకున్న పాఠం ఇది: డి.ఎన్.ఏ. లోని సమాచారం వార్తాహర ఆర్.ఎన్.ఏ. గా నకలవుతుంది, ఆ నకలును చదివి రైబోజోములు ప్రోటీన్లు తయారుచేస్తాయి. రైబోజోములో ఇమిడి ఉండే ఆర్.ఎన్.ఏ., ఎమైనో ఆమ్లాలను మోసుకొచ్చే ఆర్.ఎన్.ఏ. ప్రోటీన్లుగా మారవని మొదటినుంచీ తెలుసు. కాని వాటిని వంటవాడికి చెయ్యందించే మనుషుల్లాగే చూశారు. అజమాయిషీ అంతా ప్రోటీన్లదే అనుకున్నారు.

మానవ డి.ఎన్.ఏ. లో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. ప్రోటీన్లకు కోడ్ ఉన్న భాగం అందులో 2 శాతం కూడా లేదు. మరి మిగిలినదంతా ఎందుకు? 1972లో సుసుము ఓనో దాన్ని "చెత్త డి.ఎన్.ఏ." అన్నాడు. ఆ మాట నిలిచిపోయింది.

పురుగు నేర్పిన పాఠం

ఒక మిల్లీమీటరు పొడవుండే ఒక నేల పురుగు మీద విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కున్ పనిచేస్తుండేవారు. 1993లో వారు ఒక వింత విషయం ప్రకటించారు. లిన్-4 అనే జన్యువు ప్రోటీను చేయదు. 22 అక్షరాల చిన్న ఆర్.ఎన్.ఏ. ముక్కను మాత్రం చేస్తుంది. ఆ ముక్క మరో జన్యువు తాలూకు వార్తాహర ఆర్.ఎన్.ఏ. చివరి భాగానికి అక్షరానికి అక్షరం జతపడి అతుక్కుంటుంది. అన్ని అక్షరాలూ జతపడనక్కరలేదు. కొన్ని కుదిరినా చాలు. దాంతో ఆ ప్రోటీను తయారీ తగ్గిపోతుంది. ఇది ఆ పురుగు సొంత వ్యవహారమేలే అని చాలామంది సరిపెట్టుకున్నారు. 2000లో లెట్-7 అనే మరో ముక్క బయటపడింది. అదే ముక్క మనిషిలోనూ ఉంది! ఇటువంటివాటికి మైక్రో ఆర్.ఎన్.ఏ. అని పేరు. మన ప్రోటీను జన్యువుల్లో సగానికి పైగా వీటి అదుపులో ఉన్నాయని నేటి అంచనా. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

క్రోమోసోమునే నిద్రపుచ్చే ఆర్.ఎన్.ఏ.

స్త్రీలలో ఎక్స్ క్రోమోసోములు రెండు, పురుషులలో ఒకటి. మరి స్త్రీల కణాల్లో ఆ ప్రోటీన్లన్నీ రెండింతలు కావాలి కదా? కావు. ప్రతి కణంలోనూ ఒక ఎక్స్ దాదాపు మొత్తం మూతపడి ఉంటుందని 1961లో మేరీ లయన్ సూచించింది. నలుపు, నారింజ మచ్చలు కలిసి ఉన్న పిల్లులు దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణం ఇదే: ఒక్కో మచ్చలో ఒక్కో ఎక్స్ పనిచేస్తూ ఉంటుంది.

మూసేదెవరు? 1991లో సమాధానం దొరికింది. ఎక్సిస్ట్ అనే జన్యువు సుమారు 17,000 అక్షరాల ఆర్.ఎన్.ఏ. చేస్తుంది. అది కేంద్రకం దాటి బయటికి రాదు. తనను పుట్టించిన క్రోమోసోమునే దుప్పటిలా కప్పి, జన్యువుల నోరు మూయించే ప్రోటీన్లను అక్కడికి రప్పిస్తుంది. వందలాది జన్యువులు ఆగిపోతాయి; కొన్ని మాత్రం తప్పించుకుంటాయి.

రోగికి దీంతో ఏం పని?

దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా ఒక రక్త కేన్సరు. ఈ రోగుల్లో సగం మందికి పైగా 13వ క్రోమోసోములో ఒక ముక్క పోయి ఉంటుంది. ఆ ముక్కలో కేన్సరును అడ్డుకునే ప్రోటీను జన్యువు ఉండి తీరాలని ఏళ్ల తరబడి వెతికారు. దొరకలేదు. 2002లో కార్లో క్రోచే బృందం అక్కడే రెండు మైక్రో ఆర్.ఎన్.ఏ. లను కనుగొన్నది. కణాన్ని చావనివ్వని బి.సి.ఎల్.-2 అనే ప్రోటీనును అవి అదుపులో పెడతాయి. అవి పోతే, చావవలసిన కణాలు చావక పోగుపడతాయి. వెతికినవారి కళ్లముందే ఉన్నది అన్నేళ్లూ కనిపించకపోవడానికి కారణం, వారు ప్రోటీను కోసమే చూడటం.

వైద్యం కూడా ఈ దారి పట్టింది. ఫైర్, మెల్లో 1998లో వెల్లడించిన ఆర్.ఎన్.ఏ. అడ్డగింపు పద్ధతితో తయారైన మొదటి మందు పాటిసిరాన్‌కు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. నరాల్లో ప్రోటీను పేరుకుపోయే ఒక వంశపారంపర్య వ్యాధిలో, ఆ ప్రోటీను తయారీని అది కాలేయంలోనే తగ్గిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. మన డి.ఎన్.ఏ. లో నాలుగింట మూడు వంతులు ఏదో ఒక కణంలో ఆర్.ఎన్.ఏ. గా నకలవుతుందని 2012లో తేలింది. నకలైనంత మాత్రాన పని ఉన్నట్టు కాదు. ఒక ఆర్.ఎన్.ఏ. ను తొలగించి చూడాలి. కణంలో తేడా వస్తేనే దానికి పని ఉన్నట్టు. నిన్న అంతా చెత్త అన్నవారిదీ తొందరపాటే, నేడు అంతా బంగారం అంటున్నవారిదీ తొందరపాటే. ఏది ఏమిటో ఒక్కొక్కటిగా తేల్చవలసిన పని ఇంకా ఎంతో మిగిలి ఉంది. ఆ పనికి మన తరగతుల నుంచీ కొందరు వెళ్లాలి.