మీకు తెలుసా? సైనికుడి చర్మానికీ పింఛను లెక్కుంది

● వైకల్య పింఛనుకు తూటా గాయమే ఉండనక్కర్లేదు. గిద్దలూరు, కంభం వైపు పల్లెల్లో మిలిటరీకి వెళ్లొచ్చినవాళ్లు చాలామంది. వారిలో ఎవరికైనా సర్వీసులో సోరియాసిస్, ఎగ్జిమా లాంటివి పట్టుకుంటే అడిగే హక్కుంది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందనో, ముదిరిందనో తేలాలి. మామూలుగా వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు.

● పింఛను కాదంటే వేసే అప్పీలుకు అసలు బలం సైన్యంలో చేరేటప్పుడు రాసిన వైద్య పరీక్ష కాగితం. అందులో జబ్బు ఊసు లేకపోతే, తర్వాత వచ్చింది సర్వీసు వల్ల కాదని కారణాలతో చూపాల్సింది సైన్యమే. సందేహం ఉంటే మొగ్గు జవాను వైపే. ధరంవీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పిందిది. ఆయనది ఫిట్స్ జబ్బు, కానీ సూత్రం చర్మానికీ అదే.

● సైనిక వైద్య బోర్డు వైకల్యం 20 శాతమని రాసినా పింఛను 50 శాతానికి కట్టొచ్చు. పూర్తి సర్వీసు చేసి దిగినవారికీ ఇది వర్తిస్తుందని 2014లో రాం అవతార్ కేసులో తేలింది. 2023 సెప్టెంబరు 21 నుంచి బయటికొచ్చినవారికి మాత్రం కొత్త నిబంధనలు.

● ఊరికి తిరిగొచ్చాక మిరప కోతల్లో చేతులు మండినా, పత్తికి మందు కొట్టి దద్దుర్లు లేచినా అది సేద్యం ఖాతా. అందుకే జబ్బు యూనిఫాంలో ఉండగానే మొదలైందని చూపే ఎంఐ రూం (యూనిట్ వైద్య పరీక్ష గది) చీటీలు, మిలిటరీ ఆస్పత్రి కాగితాలు పారేయకూడదు.

● అమెరికాలో మాజీ సైనికుల ఎగ్జిమాకు కొలత ఒంటి విస్తీర్ణం. 20 నుంచి 40 శాతం ఒంటికి పాకితే 30 శాతం వైకల్య రేటింగు, 40 దాటితే 60. వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం తగిలినవారికి ఏడాదిలోపు క్లోరాక్నే మొటిమలు తగినంతగా బయటపడితే, సర్వీసు వల్లేనని ముందే ఒప్పుకుంటారు.

● మన దగ్గర మొదట సైన్యంలోని అప్పీలు కమిటీలు. అక్కడ కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. ఆంధ్రప్రదేశ్ కేసులు చూసేది చెన్నై బెంచి. దారి తెలియకపోతే గుంటూరు, ఒంగోలుల్లోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో అడగొచ్చు.

● ఏళ్లు గడిచాయని ఊరుకోనక్కర్లేదు. పింఛను నెలనెలా రావాల్సింది కాబట్టి హక్కు ఆలస్యంతో పోదని తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు అంది. కాకపోతే పాత బకాయి మామూలుగా మూడేళ్లకే దక్కుతుంది. ఆలస్యానికి జరిమానా అదే!