జస్టిస్ ఒపుటా: తుదిమాట ఎవరిది?

హత్య కేసులో న్యాయం ఎవరికి జరగాలి? ముద్దాయికా, చచ్చిపోయినవాడికా? 1985లో జోసయా కేసులో నైజీరియా సుప్రీంకోర్టు న్యాయమూర్తి చుక్వుదిఫు ఒపుటా ఇద్దరికీ అన్నాడు, సమాజం మూడో పక్షమని కూడా చేర్చాడు. ఆయన్ని 'సుప్రీంకోర్టు సోక్రటీసు' అని పిలిచేవారు. బిరుదుల మీద మనకు గౌరవం తక్కువే గాని, ఆయన ప్రశ్నలడిగిన మాట నిజం.

1924లో ఒగుటాలో పుట్టాడు. 1966లో హైకోర్టు జడ్జి, 1976లో ఇమో రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి, 1984 నుంచి 1989 దాకా సుప్రీంకోర్టు. మధ్యలో నాలుగేళ్ళ పౌర ప్రభుత్వాన్ని మినహాయిస్తే ఆయన న్యాయపీఠం మీద కూర్చున్న కాలమంతా సైనిక పాలనే. కోర్టులు వేలుపెట్టడానికి వీల్లేదని డిక్రీలు శాసిస్తున్న రోజులవి. కేసు కోర్టులో ఉండగానే లాగోస్ సైనిక గవర్నరు ఒజుక్వును ఇంటినుంచి గెంటించాడు. సైనిక ప్రభుత్వమైనా చట్టానికి లోబడాల్సిందేననీ, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య కోర్టులు నిలబడి ఉన్నాయనీ ఒపుటా తన తీర్పులో రాశాడు. కోర్టు సర్కారు విజ్ఞప్తిని వినడానికి నిరాకరించింది. కాని చట్టాన్ని చేసేదే సైన్యమైనప్పుడు, దానికి లోబడమనడంలో ఎంత దూరం పోగలం? ఉదారవాద న్యాయశాస్త్రం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

1995 నవంబరు 10న రచయిత కెన్ సారో-వివానూ మరో ఎనిమిదిమంది ఒగోని ఉద్యమకారులనూ ఉరితీశారు. వాళ్ళకు శిక్ష వేసిన ప్రత్యేక ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు కూడా ఒక న్యాయమూర్తే. దాని మీద పై కోర్టుకు అప్పీలు లేదు. న్యాయమూర్తులంతా ఒకటి కారు. అలాగని ఒక మంచి న్యాయమూర్తి ఉన్నంత మాత్రాన వ్యవస్థ మారదు.

రిటైరైన పదేళ్ళకు, 1999లో, సైనిక పాలనా కాలపు మానవహక్కుల ఉల్లంఘనలను విచారించే కమిషన్‌కు ఒపుటాను అధ్యక్షుడిగా వేశారు. సుమారు పదివేల అర్జీలు వచ్చాయి. బహిరంగంగా విన్నవి వాటిలో నూటయాభై దాకా మాత్రమే. విచారణ టెలివిజన్లో ప్రసారమైంది. మాజీ సైనికుడొకడు కుదిరత్ అబియోలాను తానే కాల్చానని చెప్పడం జనం విన్నారు. అధ్యక్షుడు ఒబసాంజో స్వయంగా వచ్చి జవాబిచ్చాడు. బుహారీ, బబంగిడా, అబ్దుల్సలామీ మాత్రం రాలేదు. 1986లో పార్సిల్ బాంబుతో హతుడైన పత్రికా సంపాదకుడు డెలే గీవా విషయంలో బబంగిడాను ప్రశ్నించాలని అడిగినవాళ్ళు ఆయన ముఖం చూడలేకపోయారు.

2002 మేలో నివేదిక అందింది. 2003 జనవరిలో సుప్రీంకోర్టు, ఒపుటా కూర్చుని తీర్పులు రాసిన ఆ కోర్టే, ఇలాంటి విచారణకు సాక్షులను రప్పించే అధికారం రాజధాని ప్రాంతం దాటి చెల్లదని తేల్చింది. 1989లో ఒపుటా ఒక తీర్పులో, సుప్రీంకోర్టు మాట తుదిది కావడం వల్లే అది తప్పులేనిదిగా నిలుస్తుంది గాని, తప్పులేనిది కాబట్టి తుదిది కాలేదని ఒప్పుకున్నాడు. ఆ వాక్యం తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. ప్రభుత్వం ఈ తీర్పును సాకు చేసుకుని నివేదికను బీరువాలో పెట్టేసింది. 2005లో పౌరసంఘాలు దాన్ని తామే బయటపెట్టాయి. 2014 మేలో ఒపుటా చనిపోయేనాటికి సర్కారు ముద్ర దానిమీద ఇంకా పడలేదు.