వానాకాలంలో సహస్రకుండ్ ప్రయాణం: నీటి తీరు, దారి తీరు

శ్రావణ మాసం వచ్చిందంటే నాందేడ్‌లోని తెలుగు ఇళ్లలో సహస్రకుండ్ మాట వినిపిస్తుంది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నాందేడ్, యవత్‌మాల్ జిల్లాల సరిహద్దున, పెన్‌గంగ నది నల్లని రాతిబండల మీదుగా దూకే చోటు అది. వారమంతా పనిలో గడిపే కుటుంబానికి దొరికేది ఒక్క ఆదివారం. నిర్మల్ నుంచో నిజామాబాద్ నుంచో చుట్టాలు వస్తారు, పులిహోర కట్టుకుంటారు, బండి మాట్లాడుకుంటారు. తీరా వెళ్లాక రెండింటిలో ఒకటి ఎదురు కావచ్చు. వాన చాలక బండల మధ్య సన్నని పాయ మాత్రమే కనిపించవచ్చు. లేదా నది పొంగి, దారి మూసివేసి, పోలీసులు వెనక్కి పంపవచ్చు. మొదటిదానివల్ల నిరాశ మాత్రమే మిగులుతుంది. రెండవదానిని లెక్కచేయకపోతే ప్రాణహాని సంభవిస్తుంది.

ప్రకృతిపై ఆధారపడిన విహారయాత్రలన్నింటికీ ఈ అనిశ్చితి తప్పదు. కాశ్మీరులోని గుల్మార్గ్‌కు మంచుమీద నడిచే స్నోమొబైల్ బండ్ల కోసం దేశమంతటినుంచీ జనం వెళతారు. 2024 జనవరిలో అక్కడి మైదానాలు మంచు లేక బోసిపోయాయి. ముందుగా గదులు, టిక్కెట్లు తీసుకున్నవారు నిరాశతో తిరిగివచ్చారు. మరాఠ్వాడాలో వాన తీరూ అటువంటిదే. 2016 ఏప్రిల్‌లో లాతూరుకు మిరజ్ నుంచి రైలులో తాగునీరు తేవలసివచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు చివరలో కుండపోత వానలు కురిసి మంజీర పొంగింది. కాబట్టి తేదీని ముందే స్థిరపరచి, వాన దానికి అనుకూలించాలని ఆశించడం సరికాదు. వాననుబట్టి తేదీని, తేదీనిబట్టి గమ్యాన్ని మార్చుకోవడమే ప్రయాణానికి మొదటి సూత్రం.

నీరు ఎక్కడినుంచి వస్తుంది?

నాందేడ్‌లో ఎండ కాస్తున్నదని సహస్రకుండ్‌లో నీరు తక్కువగా ఉంటుందని భావించరాదు. పెన్‌గంగ బుల్ఢాణా జిల్లాలో పుట్టి, వాశిం, హింగోలి, యవత్‌మాల్ జిల్లాలను తాకుతూ ప్రవహిస్తుంది. సహస్రకుండ్‌కు ఎగువన ఇసాపూర్ వద్ద ఈ నదిపై పెద్ద ఆనకట్ట ఉన్నది. జలాశయం నిండుతున్నప్పుడు దిగువకు వచ్చే నీరు పరిమితం. నిండి గేట్లు ఎత్తినప్పుడు స్థానికంగా చినుకు పడకపోయినా జలపాతం ఉగ్రరూపం దాలుస్తుంది. అందువలన ఈ ప్రయాణానికి రెండు సమాచారాలు అవసరం: ఎగువ జిల్లాలలో గడచిన రెండు రోజుల వాన, ఇసాపూర్ నుంచి నీటి విడుదల.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నాందేడ్ జిల్లా వాతావరణ సూచనను భారత వాతావరణ శాఖ ముంబై కేంద్రం వెలువరిస్తుంది. యవత్‌మాల్, వాశిం, బుల్ఢాణా విదర్భలోనివి కనుక వాటి సూచన నాగపూర్ కేంద్రం నుంచి వస్తుంది. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాలది హైదరాబాద్ కేంద్రం. సరిహద్దు ప్రాంతానికి వెళ్లేవారు ఒక్క నాందేడ్ సూచనతో సరిపెట్టుకుంటే నది తలవైపు ఏమి జరుగుతున్నదో తెలియదు. శాఖవారి ‘మౌసం’ యాప్‌లో ఈ జిల్లాలన్నింటినీ చూడవచ్చు.

సూచనలోని మాటల అర్థం

వాతావరణ శాఖ వాడే మాటలకు నిర్దిష్టమైన కొలతలు ఉన్నాయి. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం. అంతకు మించితే అత్యంత భారీ వర్షం. ‘అక్కడక్కడ’ అన్నప్పుడు ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగవ వంతుకు మించని చోట్ల వాన పడుతుందని అర్థం. ‘దాదాపు అన్నిచోట్ల’ అంటే నాలుగింట మూడు వంతులకు పైగా. ‘అక్కడక్కడ భారీ వర్షం’ అన్న మాట చిన్న హెచ్చరికగా తోచవచ్చు. కాని ఆ ‘అక్కడ’ నదికి ఎగువనో, దాటవలసిన వాగు తలవద్దనో అయితే ప్రయాణికునికి అదే పెద్ద హెచ్చరిక.

రంగులకూ అర్థం ఉన్నది. పసుపు అంటే పరిస్థితిని గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే ఇబ్బందులకు సిద్ధపడి ఉండాలి. ఎరుపు అంటే రక్షణ చర్యలు తీసుకోవాలి. విహారయాత్రకు ఈ రంగులను ఇలా అన్వయించుకోవచ్చు: ఎగువ జిల్లాలలోగాని, గమ్యస్థానంలోగాని నారింజ లేదా ఎరుపు ఉంటే నదీతీరానికి వెళ్లే ఆలోచన మానుకోవాలి. పసుపు ఉంటే ఇంటినుంచి కదిలే ముందు మరొకసారి సూచన చూసి నిర్ణయించుకోవాలి.

మరాఠీ ప్రకటనలు చదవడం

నీటి విడుదల, దారి మూసివేతల సమాచారం ముందుగా వెలువడేది మరాఠీలోనే. కొత్తగా వచ్చిన తెలుగువారిని కొన్ని మాటలు తికమక పెడతాయి. ‘ధరణ్’ అంటే ఆనకట్ట. ‘విసర్గ్’ అంటే నీటి విడుదల. తెలుగు అక్షరమాలలోని విసర్గతో దానికి సంబంధం లేదు. ‘పూర్’ అంటే వరద, ‘ఓఢా’ అంటే వాగు, ‘పూల్’ అంటే వంతెన, ‘ధబ్‌ధబా’ అంటే జలపాతం, ‘ఇశారా’ అంటే హెచ్చరిక. ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ‘ధోకా’. తెలుగువారి వాడుకలో దానికి మోసమని అర్థం; మరాఠీ బోర్డుమీద అది ప్రమాదమని చెబుతుంది. నీటి విడుదలను మహారాష్ట్రలో క్యూసెక్కులతోపాటు క్యూమెక్కులలోనూ తెలుపుతారు. ఒక క్యూమెక్కు సుమారు 35 క్యూసెక్కులకు సమానం. ఈ తేడా గమనించకపోతే పెద్ద విడుదలను చిన్నదిగా పొరబడే అవకాశం ఉన్నది.

నాలుగు నిర్ణయాలు

ఆదివారం ప్రయాణానికి ఒకే నిర్ణయం కాక, నాలుగు దఫాలుగా నిర్ణయించుకోవడం మేలు.

మొదటిది, బుధవారం లేదా గురువారం. అప్పటికి అయిదు రోజుల సూచన అందుబాటులో ఉంటుంది. ఈ దశలో రెండు గమ్యాలు అనుకోవాలి: వాన అనుకూలిస్తే ఒకటి, లేకుంటే మరొకటి. తిరిగి రాని బయానా ఎక్కడా ఇవ్వకూడదు. బండివారితో రద్దు షరతులు ముందే మాట్లాడుకోవాలి.

రెండవది, శనివారం సాయంత్రం. ఎగువ జిల్లాలలో కురిసిన వాన, ఇసాపూర్ విడుదల, జిల్లా యంత్రాంగపు నిషేధాజ్ఞలు చూడాలి. వర్షాకాలంలో ప్రమాదకరమైన పర్యాటక స్థలాలకు ప్రవేశాన్ని నిలిపివేసే అధికారం జిల్లా యంత్రాంగానికి ఉన్నది. కిన్వట్, ఇస్లాపూర్ ప్రాంతాలలో తెలిసినవారు ఉంటే వారికి ఒక ఫోను చేయడం అన్నింటికన్నా ఉపయోగకరం. దారిలోని వాగు తీరు ఆ ఊరివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

మూడవది, ఆదివారం ఉదయం, తాళం వేసే ముందు. రానున్న మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచనను, పిడుగుల సమాచారం తెలిపే ‘దామిని’ యాప్‌ను చూడాలి. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగివచ్చేదీ ఇంట్లో ఉండేవారికి చెప్పాలి. అడవి దారులలో ఫోను సిగ్నలు అందని చోట్లు ఉంటాయి.

నాలుగవది, దారి మధ్యలో. ఇది అన్నింటికన్నా కష్టమైనది. సగం దూరం వచ్చాక, పిల్లలు ఎదురుచూస్తుండగా, వండినది బండిలో ఉండగా వెనుదిరగాలంటే మనసు ఒప్పదు. అందుచేతనే ఆ నిర్ణయాన్ని ఇంటివద్దనే చేసుకోవాలి: ‘వంతెనమీద నీరు పారుతుంటే తిరిగివస్తాము’ అని అందరూ ముందే ఒప్పుకుంటే, ఆ చోట వాదనకు తావుండదు.

దారిలో

ఈ ప్రాంతపు నల్లరేగడి నేల తడిస్తే జారుతుంది. దానికింది రాయి నీటిని త్వరగా ఇంకించుకోదు. అందువలన గట్టి వాన పడిన కొద్దిసేపటికే చిన్న వాగులు పొంగుతాయి. ఉదయం చక్రాలు తడవకుండా దాటిన వాగు సాయంత్రానికి దాటరానిది కావచ్చు. సుమారు 15 సెంటీమీటర్ల లోతున వేగంగా పారే నీరు మనిషిని పడదోయగలదు. 30 సెంటీమీటర్ల నీరు చిన్న కారును కదిలించగలదు. 60 సెంటీమీటర్లు ఉంటే పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. పైగా నీటికింద రోడ్డు ఉన్నదో కోసుకుపోయిందో పైకి కనిపించదు. ముందు వెళ్లిన బండి దాటిందన్నది దారి మంచిదనడానికి నిదర్శనం కాదు.

2025 ఆగస్టులో నాందేడ్ జిల్లాలోనే ముఖేడ్ తాలూకా గ్రామాలను వరద ముంచెత్తింది. ఆ నీరు ఎంత త్వరగా వచ్చిందో జిల్లావాసులకు ఇంకా గుర్తే. తిరుగు ప్రయాణాన్ని పొద్దుండగానే ముగించుకునేలా, మధ్యాహ్నం మూడు గంటలకల్లా బయలుదేరడం ఉత్తమం.

జలపాతం వద్ద

సహస్రకుండ్ అన్న పేరే ఒక హెచ్చరిక. నది వేల ఏళ్లుగా బండను తొలచి చేసిన గుంతలే ఈ కుండాలు. నీరు కాస్త పెరిగితే అవి కనుమరుగవుతాయి. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు నిలువెత్తు గుంతలో పడవచ్చు. నాచు పట్టిన బండలు మరింత ప్రమాదకరం. జలపాతాన్ని ఒడ్డునుంచే చూడాలి; బండల మధ్యకు, ప్రవాహంలోని గట్టులమీదకు వెళ్లకూడదు.

2024 జూన్ 30న లోనావళాలోని భూషీ ఆనకట్ట వద్ద జలపాతంలో ఒకే కుటుంబానికి చెందిన అయిదుగురు కొట్టుకుపోయారు. వారు దిగినప్పుడు నీరు అంతగా లేదు. చూస్తుండగానే పెరిగి చుట్టుముట్టింది. నీరు పెరుగుతున్నదనడానికి కొన్ని గుర్తులు ఉంటాయి. తేటగా ఉన్న నీరు బురదరంగుకు తిరుగుతుంది; ఆకులు, పుల్లలు కొట్టుకువస్తాయి; హోరు హెచ్చుతుంది. చేరగానే ఒడ్డున ఒక రాయిని గుర్తుపెట్టుకుని, అప్పుడప్పుడు దానిని గమనిస్తూ ఉండాలి. ఆ రాతిని నీరు తాకితే సామాను సర్దుకోవడానికి కూడా ఆగకుండా ఎత్తైన చోటికి చేరాలి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 లెక్కపెట్టేలోపు శబ్దం వినిపిస్తే చెట్లకింద నిలువక, పక్కా కట్టడంలోగాని, కారులోగాని ఆశ్రయం పొందాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి.

రెండవ గమ్యం

రెండవ గమ్యం సిద్ధంగా ఉన్న కుటుంబానికి వెనుదిరగడం సులభం. ఇందుకు ముద్‌ఖేడ్ జంక్షన్ మంచి ఉపమానం. అక్కడ రైలుమార్గం రెండుగా చీలుతుంది. ఒకటి భోకర్, హిమాయత్‌నగర్, సహస్రకుండ్, కిన్వట్ మీదుగా ఆదిలాబాద్ వెళుతుంది. రెండవది ధర్మాబాద్, బాసర మీదుగా నిజామాబాద్ వెళుతుంది. నీరు అనుకూలించనివేళ జ్ఞానసరస్వతి కొలువైన బాసరకు వెళ్లవచ్చు. అయితే బాసరలోనూ గోదావరి నిండుగా ఉన్నప్పుడు నదీస్నానం మాని, దర్శనంతో సరిపెట్టుకోవాలి. సహస్రకుండ్ స్టేషన్‌లో ప్రతి రైలూ ఆగదు కనుక 139కి ఫోను చేసి తెలుసుకోవాలి.

భోకర్, భైంసాల మీదుగా నిర్మల్ చేరి, 44వ జాతీయ రహదారిపై నేరడిగొండ వైపు వెళితే కుంటాల జలపాతం వస్తుంది. సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి దూకే ఈ నీరు పెన్‌గంగది కాదు, కడెం వాగుది. అందువలన సహస్రకుండ్‌లో నీరు చాలని రోజున కుంటాల నిండుగా ఉండవచ్చు. అక్కడి జాగ్రత్తలు మాత్రం ఇవే. వాన విడువని రోజున కంధార్ కోట, దెగ్లూర్ సమీపాన హొట్టల్‌లోని చాళుక్య కాలపు ఆలయాలు ఉన్నాయి. దారులు మంచివి కానప్పుడు నగరంలోనే 1830లలో మహారాజా రంజిత్‌సింగ్ కట్టించిన హజూర్ సాహిబ్ దర్శనం, లంగరు ప్రసాదం ఉండనే ఉన్నాయి.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు నియంత్రణ కేంద్రానికి 1077. ఈ సంఖ్యలను ఒక కాగితంమీద రాసి బండిలో ఉంచుకోవాలి. తడిసిన ఫోను అక్కరకు రాదు.

ఏటా జూలై నుంచి సెప్టెంబరు వరకు పదమూడు, పద్నాలుగు ఆదివారాలు వస్తాయి. ఒకటి రెండు తప్పిపోయినా, నీరు నిండుగా, దారి క్షేమంగా ఉండే రోజు వాటిలో ఒకటి తప్పక దొరుకుతుంది. కట్టుకున్న పులిహోర బాసర గుడి చెంతనో, ఇంటి వసారాలోనో తిన్నా రుచిలో తేడా రాదు.