చదివింది నిలవాలంటే... నిద్రపోనివ్వండి

పరీక్షలు దగ్గరపడితే పిల్లల నిద్ర తగ్గించేస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు మర్చిపోతుంటే ‘వయసైపోయిందిలే’ అని వదిలేస్తాం. రెండూ ప్రమాదమే. మెదడు ఒక విషయాన్ని ఎలా దాచుకుంటుందో, ఎందుకు వదిలేస్తుందో కాస్త తెలుసుకుంటే ఈ రెండు పొరపాట్లూ మన ఇంట్లో జరగవు.

సంక్రాంతి దాటిందంటే పల్నాడులో ఏ ఆసుపత్రి ఓపీలోనైనా వినిపించే మాట ఇది: ‘‘డాక్టరు గారూ, మావాడు రాత్రి పన్నెండింటి దాకా చదువుతాడు. తెల్లారగట్ల నాలుగింటికే లేపుతున్నాం. అయినా పరీక్షలో కూర్చుంటే ఏదీ గుర్తు రావట్లేదంట. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ రాయండి.’’

పిల్లాడికి లోపం ఏమిటో తల్లిదండ్రులు తమ మాటల్లోనే చెప్పేస్తున్నారు. పన్నెండు నుంచి నాలుగు వరకు ఎంత సేపు? నాలుగు గంటలు. చదివింది నిలబడాల్సిన సమయాన్నే కోసేసి, చదువుకే ఎక్కువ సమయం ఇచ్చామనుకుంటున్నారు.

ముద్ర పడటానికి సమయం కావాలి

మనం విన్నదీ, చదివిందీ మెదడులో వెంటనే స్థిరపడదు. కణతల లోపలి వైపు, రెండు పక్కలా ‘హిప్పోక్యాంపస్’ అనే చిన్న భాగం ఉంటుంది. కొత్త విషయాలు ముందు ఇక్కడికి చేరతాయి. పొలం నుంచి తెచ్చిన మిరపకాయలు నేరుగా గోదాముకు వెళ్లవు కదా. కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, ఆ తర్వాతే బస్తాలకెత్తుతాం. హిప్పోక్యాంపస్ ఆ కల్లం లాంటిది. అక్కడి నుంచి మెదడు పైపొర అనే గోదాముకు చేరడానికి రోజులు, ఒక్కోసారి నెలలు, ఏళ్లు కూడా పడతాయి. దీన్నే జ్ఞాపకం స్థిరపడటం అంటాం.

ఈ సంగతి వైద్యులకు ఒక రోగి వల్ల బాగా తెలిసొచ్చింది. అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు 1953లో, 27 ఏళ్ల వయసులో, మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి రెండు పక్కలా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛ తగ్గింది. కానీ అప్పటినుంచి కొత్త విషయం ఏదీ ఆయనకు గుర్తుండలేదు. ఏళ్ల తరబడి పరీక్షించిన మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ కూడా ప్రతిసారీ ఆయనకు కొత్త మనిషే. అయినా చిన్ననాటి సంగతులు చెప్పేవారు. పాత సరుకు గోదాములో భద్రంగా ఉంది, కల్లమే లేకుండా పోయింది. 2008లో చనిపోయేదాకా ఆయన పరిస్థితి అదే.

మర్చిపోవడం మెదడు పనే

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల జతలు బట్టీ పట్టి, ఎంతకాలానికి ఎంత మర్చిపోతున్నాడో తన మీద తానే లెక్క కట్టి 1885లో పుస్తకంగా వేశాడు. నేర్చిన గంటకే సగానికి పైగా జారిపోయింది. మర్నాటికి మూడో వంతే మిగిలింది. నెల తర్వాత చూసినా అయిదో వంతు ఉంది. అంటే తొలిరోజు నష్టమే ఎక్కువ. ఆ ఒక్క రోజు దాటించగలిగితే మిగతాది అంత తొందరగా పోదు.

మరుపుకి కారణాలు చాలానే ఉన్నాయి. తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తు రాకపోవడం చాలాసార్లు మరుపే కాదు. పెట్టేటప్పుడు ఫోన్లో మాట్లాడుతూ ఉంటాం, మెదడు అసలు రాసుకోనే లేదు. ఒకే రకం విషయాలు వరసగా చదివితే ఒకదానికొకటి అడ్డొస్తాయి. వాడకం లేని బంధాలను నాడీకణాలు సడలించేస్తాయి. పోయిన నెల ఇదే తేదీన ఏం కూర తిన్నామో కూడా గుర్తుంటే బతకడం కష్టమే.

నిద్రలో ఏం జరుగుతుంది?

1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఓ చిన్న ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థులకు అక్షరాల జాబితాలు నేర్పి, కొన్నిసార్లు నిద్రపోనిచ్చి, కొన్నిసార్లు మెలకువగా ఉంచి, అంతే వ్యవధి తర్వాత అడిగారు. నిద్రపోయినప్పుడే ఎక్కువ గుర్తుంది. ఆ తర్వాత పరిశోధనలు లోపల జరిగేది కూడా చూపించాయి. పగలు ఎలుక ఒక దారిలో తిరిగినప్పుడు హిప్పోక్యాంపస్‌లో చురుగ్గా పనిచేసిన కణాలే, అది గాఢనిద్రలో ఉన్నప్పుడు మళ్లీ పనిచేస్తున్నట్టు 1994లో గమనించారు. అంటే పగటి పాఠాన్ని మెదడు రాత్రి తిరగేసుకుంటోంది.

గాఢనిద్ర రాత్రి మొదటి సగంలో ఎక్కువ, కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. పన్నెండు దాకా కూర్చోబెట్టి నాలుగింటికి లేపితే తెల్లవారుజామున వచ్చే నిద్ర దాదాపు మొత్తం పోతుంది. అంతేకాదు, నిద్ర చాలని మెదడు మర్నాడు కొత్త పాఠాన్ని కూడా సరిగ్గా పట్టుకోలేదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పెద్దలకు కనీసం 7 గంటలు.

కారంపూడి నేర్పే పాఠం

జ్ఞాపకం ఎలా నిలుస్తుందో చూడాలంటే మన పల్నాడులోనే గొప్ప ఉదాహరణ ఉంది. నాగులేటి ఒడ్డున 12వ శతాబ్దంలో జరిగిన యుద్ధం కథను వీరవిద్యావంతులు తరతరాలుగా నోటితోనే పాడుతూ వచ్చారు. కారంపూడిలో ఏటా కార్తీకం చివర మొదలయ్యే వీరారాధన ఉత్సవాల్లో ఇప్పటికీ ఆ గానం వినొచ్చు. ఆలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగైర్ రికార్డు చేసి, ఇంగ్లిష్‌లోకి తెచ్చి, 1982లో పుస్తకంగా ప్రచురించారు. పెద్ద పుస్తకానికి సరిపడే కథ ఒక మనిషి నోటి నుంచి వచ్చింది.

ఇందులో మాయ లేదు. కథకు వరస ఉంది, పాటకు లయ ఉంది. ఒక ఘట్టం తర్వాతి ఘట్టాన్ని లాక్కొస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాడేవాళ్లు దాన్ని మళ్లీ మళ్లీ మెదడులోంచి బయటకు తీస్తారు. మన పిల్లలు చేయనిది ఇదే. వాళ్లు పుస్తకం మళ్లీ మళ్లీ లోపలికి చదువుతారు, మూసి చెప్పుకోరు. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన అధ్యయనంలో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 42 శాతం గుర్తుంటే, ఒకసారి చదివి, ఒకసారి చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. అయిదు నిమిషాల తర్వాత అడిగినప్పుడు మాత్రం రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. పిల్లలు మోసపోయేది ఇక్కడే. చదవగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది.

పిల్లలకు ఇలా చేయండి

* రాత్రి పడుకునే వేళ ఖరారు చేయండి. తెల్లవారుజామున లేపాలంటే తొమ్మిదింటికే పడుకోనివ్వాలి.
* పాఠం అయ్యాక పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయమనండి. లేదా మీకు చెప్పమనండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, వినండి.
* అదే పాఠాన్ని మర్నాడు, మూడోనాడు, వారానికి ఒకసారి తిరగేయించండి. ఒకే రోజు అయిదు సార్లు చదివించడం కన్నా ఇది మేలు.
* పడుకునే ముందు ఫోన్, సాయంత్రం తర్వాత టీ, కాఫీ వద్దు.
* జ్ఞాపకశక్తి పెంచుతామనే టానిక్కుల మీద డబ్బు పోయకండి. రక్తహీనత అనుమానం ఉంటే పరీక్ష చేయించండి, ముఖ్యంగా ఆడపిల్లలకు.
* పిల్లలు బాగా కుంగిపోయినట్టుంటే ఆలస్యం చేయకండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పెద్దవాళ్ల విషయంలో...

పేరు నాలుక చివర ఆడి కాసేపటికి గుర్తొస్తే అది వయసుతో వచ్చేదే. తెలిసిన వీధిలో దారి తప్పడం, అడిగిందే అయిదు నిమిషాలకోసారి అడగడం, ఇన్నేళ్లూ చూసిన డబ్బు లెక్క తేలకపోవడం, రోజూ చేసే వంటలో వరస తప్పడం... ఇవి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి.

అలా అని ప్రతిదీ అల్జీమర్స్ అని బెంబేలెత్తకండి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, డిప్రెషన్, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, అదుపులో లేని బీపీ, షుగర్... వీటివల్లా మరుపు వస్తుంది. ఇందులో చాలావాటిని చికిత్సతో సరిచేయొచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో, పాలు, మాంసం బొత్తిగా ముట్టనివాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. పెద్దాయన బాత్రూంలో జారిపడిన కొన్ని వారాలకు మరుపు, తలనొప్పి, నడకలో తేడా వస్తే తలలో రక్తం గడ్డ కట్టిందేమో స్కాన్ చేసి చూడాలి.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే అది మరుపు కాదు, ఎమర్జెన్సీ. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్ పడిపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, పక్షవాతం ఏదైనా కావచ్చు. రెంటచింతల ఎండలు తెలిసిన మనకు వేసవిలో వడదెబ్బ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఈ రాత్రికి మీరు చేయగలిగిన పని ఒకటుంది. పది దాటాక పిల్లాడి గదిలో దీపం వెలుగుతుంటే వెళ్లి, ఇవాళ ఏం చదివాడో రెండు మాటల్లో చెప్పించుకోండి. తర్వాత మీరే లైటు ఆర్పేయండి.