పసుపుపచ్చ బస్సు రాని రోజు

"ఒరేయ్, గురువారం వీడి బళ్ళో ఐఈపీ మీటింగుంది. మీ బావకి ఆ రోజే రిలీజట. నువ్వొచ్చి నా పక్కన కూచో, చాలు" అని కిందటేడు అక్క ఫోన్ చేసింది. మా మేనల్లుడికి అప్పటికి పదిహేనేళ్ళు. ఆటిజం ఉంది. నోటిమాట తక్కువ. టాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి, దాని గొంతుతో మాట్లాడతాడు. బావ ప్రాజెక్టు మారి న్యూజెర్సీకి వచ్చాక వాడికిదే మొదటి పెద్ద మీటింగు.

అంతా సవ్యంగానే సాగుతుండగా కేస్ మేనేజరు, "బడి అయిపోయాక ఇతను ఏం చేస్తే బాగుంటుందని మీ ఆలోచన?" అని అడిగింది. అక్క నా వంక చూసింది. నేను కాయితాల వంక చూశాను. క్లయింట్లని "మీ ఐదేళ్ళ ప్లానేమిటి?" అని దర్జాగా అడిగే నాకు నోట మాట రాలేదు. మావాడు మాత్రం "బస్సు, ఇల్లు" అని నొక్కాడు. బడి వదిలే వేళయిందని వాడి గొడవ.

తిరిగొస్తుంటే కార్లో అక్క అంది: "ఆ పసుపుపచ్చ బస్సు ఒకరోజు రాదురా. ఆ మర్నాడు పొద్దున్న వీడు ఎక్కడికెళ్తాడు?"

కొత్త ప్రాజెక్టులో చేరితే ముందు ఉన్న డాక్యుమెంట్లన్నీ చదువుతాం కదా, ఇదీ అలాగే చదివాను. నేను లాయర్ని కాను. నాకర్థమైనంతవరకు, మనవాళ్ళకి పనికొచ్చే వరసలో చెప్తాను.

హక్కు ఎక్కడిదాకా?

అమెరికాలో వికలాంగులైన పిల్లలందరికీ ఉచితంగా, తగిన చదువు చెప్పాలన్న చట్టం 1975లో వచ్చింది. 1990లో దాని పేరు ‘ఐడియా’ అయింది. 2004లో మళ్ళీ సవరించారు. ఐఈపీ అంటే ఆ చట్టం ప్రకారం ఒక్కో పిల్లవాడికీ విడిగా రాసే ప్రణాళిక. అందులో రాసిన సేవ ఇవ్వడం బడి బాధ్యత. "బడ్జెట్ లేదు" అంటే కుదరదు.

బడి దాటగానే ఈ హక్కు ఆగిపోతుంది. ఆ తర్వాతవి అర్హతని బట్టి వచ్చే సేవలు. అప్లికేషన్ పెట్టాలి, రుజువులు చూపాలి, చాలాచోట్ల క్యూలో నిలబడాలి. మన భాషలో చెప్పాలంటే, సపోర్ట్ కాంట్రాక్టు ముగిసే తేదీ ముందే తెలుసు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఆఖరి వారంలో మొదలుపెడితే ఏమవుతుందో మనందరికీ అనుభవమే.

అందుకే చట్టం 16 ఏళ్ళు నిండేసరికి ఐఈపీలో ‘ట్రాన్సిషన్’ ప్రణాళిక ఉండాలంటుంది. న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాల్లో 14కే మొదలుపెడతారు. చదువు లేదా శిక్షణ, ఉద్యోగం, అవసరమైతే సొంతంగా బతికే నైపుణ్యాలు, వీటన్నిటికీ కొలవదగ్గ లక్ష్యాలు రాయాలి. ఆ మీటింగుకి పిల్లవాణ్ణి కూడా పిలవాలి.

గో-లైవ్ తేదీ నుంచి వెనక్కి

న్యూజెర్సీలో 21 నిండిన విద్యాసంవత్సరం చివరిదాకా బడి ఉంటుంది. మిషిగన్‌లో 26 దాకా. మీ రాష్ట్రం తేదీ కనుక్కుని, అక్కణ్ణించి వెనక్కి లెక్కేసుకోండి.

ఒక మెలిక ఉంది. మామూలు హైస్కూలు డిప్లొమా చేతికొస్తే, వయసు మిగిలున్నా హక్కు అక్కడితో సరి. "అందరితోపాటు మావాడూ గ్రాడ్యుయేట్ అయ్యాడు" అని ఊళ్ళో చెప్పుకోవాలన్న సరదాలో మూడేళ్ళ సేవలు పోగొట్టుకోవచ్చు. వేడుకలో తోటివాళ్ళతో నడిచి, డిప్లొమా తర్వాత తీసుకునే వీలు చాలాచోట్ల ఉంది. ముందే మాట్లాడి ఐఈపీలో రాయించుకోవాలి.

ఈ చివరి ఏళ్ళలో లెక్కలూ గ్రామరూ మాత్రమే చాలవు. సొంతంగా బస్సెక్కడం నేర్పడం కూడా ప్రత్యేక విద్యలో భాగమేనని చట్టమే చెబుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ వొకేషనల్ రిహాబిలిటేషన్ శాఖ ఉంటుంది. 2014 చట్టం ప్రకారం ఆ నిధుల్లో కనీసం 15 శాతం విద్యార్థులకే కేటాయించాలి. ఏ ఉద్యోగాలున్నాయో చూపడం, పనిచోట అనుభవం ఇప్పించడం, తన అవసరం తనే అడగడం నేర్పడం లాంటివన్నీ అందులో వస్తాయి. బడిలో ఉండగానే ఆ శాఖవాళ్ళని మీటింగుకి పిలిపించమని అడగండి.

కాలేజీకి వెళ్ళగల పిల్లలకి ఇంకో సంగతి. ఐఈపీ కాలేజీకి వెంట రాదు. అక్కడ 1973, 1990ల నాటి వివక్ష నిరోధక చట్టాలే ఆధారం. పరీక్షలో అదనపు సమయం కావాలంటే విద్యార్థే వెళ్ళి అడగాలి. అమ్మానాన్నలు మెయిల్ పెడితే చెల్లదు.

మాట్లాడే టాబ్లెట్ ఎవరిది?

ఇది మన శాఖకి చెందిన ప్రశ్న. 1997 నుంచి ప్రతి ఐఈపీలోనూ సహాయక సాంకేతిక పరికరాల అవసరం ఉందా అని పరిశీలించాలి. అవసరమని తేలితే బడే ఇస్తుంది. ఇంటికి పంపాలనీ అందులో రాయించుకోవచ్చు. అయితే ఆ పరికరం మామూలుగా బడి ఆస్తి. బడి అయ్యాక వెనక్కి అడగొచ్చు.

మా మేనల్లుడి టాబ్లెట్‌లో ఏడేళ్ళుగా చేర్చిన పదాలున్నాయి. ‘పెరుగన్నం’ బటన్‌కి అమ్మమ్మ గొంతు పెట్టాం. అది పోతే పోయేది వాడి నోరే! సర్వర్లకి రోజూ బ్యాకప్ తీసే నేను, దీనికి బ్యాకప్ ఉందా అని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు నెలకోసారి పదకోశం ఫైలు ఎగుమతి చేసి రెండుచోట్ల దాస్తున్నాం. సొంత పరికరం కొని, అదే సాఫ్ట్‌వేర్ వేసి, బళ్ళో ఉండగానే అలవాటు చేస్తున్నాం.

ప్రాజెక్టు మారితే?

మన కన్సల్టెంట్లకి గట్టిగా తగిలే దెబ్బ ఇది. ఏడాది మధ్యలో వేరే రాష్ట్రానికి మారితే, కొత్త బడి తన పరీక్షలు చేసుకునేదాకా పాత ఐఈపీకి సమానమైన సేవలివ్వాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ పెద్దయ్యాక ఇంట్లో సాయానికి, పగటి కార్యక్రమాలకి డబ్బిచ్చే మెడికెయిడ్ వెయివర్లు రాష్ట్రాల చేతిలో ఉంటాయి. కొన్నిచోట్ల పదేళ్ళు దాటిన వెయిటింగ్ లిస్టులు. అక్కావాళ్ళు పాత రాష్ట్రంలో ఆరేళ్ళు లైన్లో ఉన్నారు. బావకి మంచి రేటు వచ్చిందని మారారు. ఆ ఆరేళ్ళూ అక్కడే పోయాయి. రేటు మాట్లాడుకున్నప్పుడు ఈ లెక్క మాకెవరికీ తట్టలేదు.

వీసా సంగతి కూడా చెప్పుకోవాలి. బడి వీసా అడగదు. ఆ తర్వాతి సేవలు చాలావరకు అడుగుతాయి. హెచ్-4 పిల్లవాడికి 21 నిండితే ఆ హోదా పోతుంది. మామూలుగా చాలామంది ఎఫ్-1కి మారతారు. పూర్తికాలం చదవలేని పిల్లవాడికి ఆ దారి దాదాపు లేనట్టే. అందుచేత ఇమిగ్రేషన్ లాయర్‌తో పదమూడో పద్నాలుగో ఏటే కూచోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటున్న పిల్లవాడికి 18 నిండకముందు తల్లో తండ్రో పౌరసత్వం తీసుకుంటే, వాడికీ దానంతటదే వస్తుంది. 18 దాటితే వాడే అప్లై చేసుకోవాలి. వైకల్యం వల్ల పరీక్ష రాయలేకపోతే డాక్టరు ధ్రువీకరణతో మినహాయింపు ఉంది.

సంతకం, సొమ్ము

18 నిండాక ఐఈపీ మీద సంతకం పెట్టే హక్కు సాధారణంగా పిల్లవాడికే బదిలీ అవుతుంది. కోర్టు ద్వారా గార్డియన్‌షిప్ ఒక దారి. నిర్ణయం వాడిదే, తోడు మనది అన్న పద్ధతిలో ఒప్పందం రాసుకోవడం ఇంకో దారి. ఎంత సాయం కావాలో అంతే తీసుకోవడం మేలు.

ఎస్‌ఎస్‌ఐ భత్యానికి 18 దాటాక తల్లిదండ్రుల జీతం లెక్కించరు, కానీ పిల్లవాడి పేర 2000 డాలర్లకి మించి ఆస్తి ఉండకూడదు. తాతగారు ప్రేమతో మనవడి పేర స్థలం రాసినా చిక్కే. దానికే ప్రత్యేక ట్రస్టులూ, 2014 చట్టంతో వచ్చిన ‘ఏబుల్’ ఖాతాలూ ఉన్నాయి. ఏబుల్‌లో లక్ష డాలర్ల వరకు ఎస్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు.

ఈ ఏడు మీటింగుకి ముందు అక్కా నేనూ టాబ్లెట్‌లో ఒక కొత్త పేజీ చేశాం. పైన ‘ఇష్టం’, కింద ‘వద్దు’. రకరకాల పనుల ఫొటోలు పెట్టాం. కేస్ మేనేజరు మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి వాణ్ణే అడిగింది. మావాడు చాలాసేపు చూసి, లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఫొటో నొక్కి, ‘ఇష్టం’ అన్నాడు. వంటగది ఫొటో నొక్కి, ‘గోల, వద్దు’ అన్నాడు.

వచ్చే సెప్టెంబరు నుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు లైబ్రరీలో పని అని ఐఈపీలో రాశారు. వెళ్ళడం టౌను బస్సులో, పక్కన ట్రైనరుతో. మీటింగు అయ్యాక వాడు ఎప్పట్లాగే ‘బస్సు, ఇల్లు’ నొక్కాడు. ఏ బస్సు నంబరో నేర్పాలిక.